మూడో పఫ్

నేను ఒక మైక్రోస్కోపును. ఇత్తడి గొట్టం, నల్లటి ఇనుప పాదం, కింద వెలుతురు పట్టే గుండ్రటి అద్దం, ఇదీ నా ఆస్తి. నా దగ్గర దొరికే సరుకు ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు చూపించడం. ఆ సరుకు పెట్టుకుని ముప్పై ఎనిమిదేళ్లు ఒకే బల్ల మీద కూర్చున్నాను. ఎంత అమ్ముడైందో చెబుతాను.

నన్ను తయారు చేసింది అంబాలాలో ఒక చిన్న కార్ఖానా. నా లెన్సులు అరగదీసిన ముసలాయన ఒక్కోదాన్నీ కిటికీ వెలుతురులో తిప్పి చూసి, వెంట్రుకంత గీత కనిపించినా పక్కన పడేసేవాడు. అంత కచ్చితంగా తయారుచేసినవాడు, ఆ కచ్చితత్వం ఎక్కడ చెల్లుతుందో మాత్రం చెప్పి పంపలేదు. పచ్చ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో రైలెక్కి, డెల్టాలో ఒక టౌను కాలేజీకి, జువాలజీ ఎమ్మెస్సీ ల్యాబుకు వచ్చిపడ్డాను.

నెల తిరక్కుండానే అక్కడి వ్యవహారం అర్థమైంది. పొద్దున లెక్చరు, మధ్యాహ్నం ప్రాక్టికల్. లెక్చరులో గంధం సత్యానందం గారు పసుపు పచ్చబడ్డ నోట్సు చదివేవారు, పిల్లలు రాసుకునేవారు. ప్రాక్టికల్లో అటెండరు సింహాద్రి నన్ను తుడిచి, స్లైడు పెట్టి, అద్దం కిటికీ వైపు తిప్పేవాడు. పిల్లలు వరసగా వచ్చి ఒంటికన్ను ఆనించి, తమ కనురెప్ప వెంట్రుకలే చూసుకుని, "కనిపించింది సార్" అనేవారు. తర్వాత సీనియర్ల రికార్డు తెరిచి, అందులో బొమ్మని తమ రికార్డులోకి దింపుకునేవారు. ఆ సీనియర్లూ అలా దింపుకున్నవాళ్లే. అన్నిటికీ మూలం అట్ట వేసి బీరువాలో దాచిన ఒక రికార్డు. అది సత్యానందం గారు అదే కాలేజీలో చదువుకునే రోజుల్లో గీసింది.

అందులో ఒక బొమ్మకు పెద్ద పేరు. మురుగు కాలవలో పెరిగే ఎర్ర పురుగు లాలాజల గ్రంథిలో లావుపాటి క్రోమోజోములు ఉంటాయి. రంగు వేసి, పైన పలచటి గాజుపలక పెట్టి బొటనవేలితో నొక్కితే చారలు చారలుగా కనిపిస్తాయి. అక్కడక్కడ ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బునే పఫ్ అంటారు. సత్యానందం గారు తయారు చేసిన స్లైడు, గీసిన బొమ్మ, రెండింటిలోనూ మూడు పఫ్‌లు. ఆ బొమ్మతోనే ఆయన ఆ ఏడు ఫస్టు వచ్చారట.

ఆ స్లైడు నా కింద పెట్టిన మొదటి రోజే నాకు తెలుసు. పఫ్‌లు రెండే. మూడోది గాలిబుడగ. పలక నొక్కినప్పుడు, అప్పటి ఆ కుర్రవాడి వేలు తొందరపడింది. దాన్ని పదకొండు బ్యాచులు శ్రద్ధగా గీసి, బాణం గుర్తు పెట్టి, పేరు రాసి, సంతకాలు పెట్టించుకున్నాయి. నేను చూపిస్తూనే ఉన్నాను. చూసే కన్ను లేదు.

పన్నెండో బ్యాచులో కొల్లాటి కృపావతి వచ్చింది. నాన్న రొయ్యల చెరువు కాపలా, అమ్మ ప్లాంటులో ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వలిచే పని. అందరూ సింహాద్రి తెచ్చే పురుగుల కోసం చూస్తుంటే, ఈ పిల్ల చెరువు వెనక డ్రెయినులో తనే పట్టి సీసాలో తెచ్చింది. ఆరు పురుగులు కోసింది, ఆరు స్లైడులు చేసింది. ఆరింటిలోనూ రెండే.

"మూడోది బేకరీవాడు తినేసుంటాడే," అంది పక్క బల్ల ఝాన్సీ. "ఎగ్ పఫ్ఫా, కర్రీ పఫ్ఫా, అది కూడా కింద రాయి."

కృపావతి నవ్వలేదు. సార్ స్లైడు పెట్టి లోతు సరిచేసే నా ఫైన్ స్క్రూ మెల్లగా అటూ ఇటూ తిప్పింది. క్రోమోజోము చారలు మసకబారి తేలాయి. ఆ గుండ్రటిదానిలో చార లేదు, రంగు లేదు, నల్లటి అంచు మాత్రం లావెక్కుతూ సన్నబడుతూ ఉంది. రికార్డులో రెండు పఫ్‌లు గీసి, మూడోదాని పక్కన 'గాలిబుడగ' అని రాసింది. ముప్పై ఎనిమిదేళ్లలో నాకు దక్కిన బేరం అదే.

సంతకం కోసం పేజీ తెరిస్తే సత్యానందం గారి కలం ఆగింది.

"మూడోది ఏదమ్మా?"

"అది బుడగ సార్. ఒక్కసారి స్క్రూ తిప్పి చూడండి సార్."

ఆయన కళ్లజోడు తీసి నా మీదికి వంగారు. పదకొండేళ్లలో అదే మొదలు. స్క్రూ తిప్పారు. అంచు లావెక్కగానే వేలు ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. ఆయన ఊపిరికి నా పై లెన్సు మసకేసింది. చూశారు. ఇందులో నాకు అనుమానం లేదు.

లేచి కళ్లజోడు పెట్టుకున్నారు.

"స్లైడు పాతదమ్మా. అలవాటు పడాలి." తర్వాత గొంతు తగ్గించారు. "పరీక్షకు వచ్చే ఎగ్జామినరు నా దగ్గర చదివినవాడే. అతను మూడు ఉన్నాయా లేదా అనే చూస్తాడు. రొయ్యల పరిశోధన కేంద్రానికి మన కాలేజీ నుంచి ఒక్క పేరే పంపుతాం, ప్రాక్టికల్లో ఫస్టు వచ్చినవాళ్లది. నీకు అక్కర్లేదా?"

"కావాలి సార్. అది రాకపోతే జూన్ నుంచి అమ్మ పక్కన రొయ్యలు వలవడమే."

"అయితే ఆ పేజీ తీసేసి మళ్లీ గియ్యి."

పేజీ చింపింది. నాలుగు మడతలు పెట్టి, నా పెట్టెలో పచ్చ గుడ్డ కింద దోపింది.

"చెత్తబుట్ట అటుంది, అమ్మాయ్," అన్నాడు సింహాద్రి.

"తెలుసు బాబాయ్."

పరీక్ష రోజు ఆ స్లైడు నా కిందే పెట్టారు. ఒక్కొక్కరికి ఒకటిన్నర నిమిషం, తర్వాత గంట కొడతారు. కృపావతి వంగింది. నా మీద వాలిన కళ్లన్నిటిలో తేటైన కన్ను అది. స్క్రూ ఒక్కసారి తిప్పింది, బుడగ అంచు కదలడం చూసింది. గంట కొట్టేలోపు మూడు పఫ్‌లు గీసింది. ఫస్టు వచ్చింది. కేంద్రానికి వెళ్లింది.

తొమ్మిదేళ్లకు అదే కాలేజీకి లెక్చరరుగా వచ్చింది. సత్యానందం గారు రిటైరవుతూ బీరువా తాళాలు, అట్ట వేసిన రికార్డు ఆవిడ చేతిలో పెట్టారు. నాకు గిరాకీ వస్తుందనుకున్నాను. మొదటి ప్రాక్టికల్లోనే ఆవిడ బోర్డు మీద సుద్దతో క్రోమోజోము గీసి, మూడు చోట్ల ఉబ్బించింది.

తప్పు పట్టను. ఆ ఫస్టు, ఆ కేంద్రం, ఈ కుర్చీ, అన్నీ ఆ బుడగ మీదే నిలబడ్డాయి. దాన్ని పొడిస్తే ఏం మిగులుతుందో ఆవిడ లెక్క చూసుకునే ఉంటుంది.

ఏళ్లు గడిచేకొద్దీ స్లైడులో జిగురు ఎండింది. గాలి లోపలికి పాకి బుడగ పెరిగింది. నిజమైన పఫ్‌లు రెండూ దాని కింద పడి కనపడకుండా పోయాయి. ఒక ఏడు ఒక పిల్ల నా మీంచి తలెత్తి అడిగింది.

"మేడమ్, ఇందులో ఒకటే పెద్దది కనిపిస్తోంది."

"స్లైడు పాతదమ్మా. అలవాటు పడాలి," అంది కృపావతి. ఆ మాట ఎక్కడిదో నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

మొన్న జూన్‌లో బల్బులున్న కొత్త మైక్రోస్కోపులు వచ్చాయి. తనిఖీ కమిటీ వస్తుందని నన్ను వరండాలో అద్దాల బీరువాలో పెట్టాలనుకున్నారు. నా పెట్టె ఆవిడే తెరిచింది. దుమ్ము దులపడానికి పచ్చ గుడ్డ ఎత్తితే కాగితం దొరికింది. మడతలు విప్పింది. పెన్సిలు గీతలు చెక్కుచెదరలేదు. రెండు పఫ్‌లు, ఒక గాలిబుడగ. నిలబడే చాలాసేపు చూసింది.

"పెట్టె కూడా అద్దాల్లో పెట్టాలా మేడమ్?" అని గుమ్మం దగ్గర్నించి కొత్త అటెండరు అడిగాడు.

ఆవిడ పాత మడతల మీదే కాగితం మడిచి, గుడ్డ కిందే ఉంచి, పైన చేత్తో సర్దింది. మూత వేసింది.

"పెట్టు. తాళం వేసి పెట్టు."

తాళంచెవి తన గుత్తిలో చేర్చుకుంది.

కమిటీవాళ్లు వచ్చి నా ఫొటో తీసుకున్నారు. 'తాకరాదు' అని నా ముందు కార్డు ఉంది కనక ఎవరూ కన్ను ఆనించలేదు. పక్కనే నా పెట్టె. ఇన్నేళ్లలో నా సరుకు చూసి గుర్తుపట్టినవాళ్లు ఇద్దరు. కొన్నది ఒక్కతే. ఆవిడ కూడా దాన్ని నాకే వాపసు ఇచ్చేసింది.