గుర్రాల తోటలో గృహప్రవేశం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఉన్న ఆ కాలనీకి బోర్డు మీద పేరు రాయల్ స్టాలియన్ ఎన్‌క్లేవ్. అంత పేరు పలికే ఓపిక ఆటోవాళ్లకు ఎక్కడిది? గుర్రాల తోట అంటారు. ఒకప్పుడు అది నిజంగా గుర్రాల తోటే. వాటిని పెంచిన పెద్దాయన పోయాక కొడుకులు గుర్రాలను అమ్మేసి, కొట్టాలు కూలగొట్టి, ప్లాట్లు వేశారు. గుర్తుగా కాలనీ ముందు ఆర్చి మీద రెండు సిమెంటు గుర్రాలను నిలబెట్టారు. చేసినవాడికి ఎద్దులను చేసే అలవాటు కాబోలు, రెండింటికీ మూపురాలున్నాయి.

అక్కడ ఇల్లు కట్టించేదాకా గాయత్రికి అన్నీ అద్దె కొంపలే. గోడకు మేకు కొట్టాలంటే ఓనరును అడగాలి. చుట్టాలొస్తే నీళ్ల వాడకానికి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇన్నాళ్లకు సొంత గోడ లేచింది, కానీ దానికో గండం ఉంది. ఆ గండం పేరు జానకమ్మ, ఆళ్లగడ్డలో ఉండే ఆడబిడ్డ. ఆమె మేడ మీద వాటా ఒకటి ఖాళీగా ఉంది. తమ్ముడు అందులో కళ్లముందే ఉండాలని ఆమె కోరిక.

"ఆ తోటలో ఏ చిన్న అపశకునమైనా సరే, ఇల్లు అద్దెకిచ్చి మా మేడ మీదికి రావల్ల," అని ముందే తేల్చేసింది. అక్క ఏమన్నా కాదనడం గాయత్రి మొగుడు ఓబులేసుకు పుట్టుకతోనే రాదు. తలూపి వచ్చాడు.

అందుకే గాయత్రికి చాందినీని చూస్తే వణుకు. చాందినీ అంటే తెల్ల గుర్రం. హుస్సేన్ వలి దాన్ని పెళ్లి ఊరేగింపులకు తిప్పుతాడు, కాలనీ గోడ అవతల కట్టేస్తాడు. అది తాడు విప్పుకుని నేరుగా ఈ ప్లాటుకే వచ్చేది. పునాదులప్పుడు ఇసుకలో పొర్లింది. తడి గోడకు వీపు గోక్కుంది. కుండీల్లో క్రోటన్లు పెడితే మొదలంటా మేసేసింది.

"వలీ అన్నా, రేపు పొద్దున గృహప్రవేశం. నీ గుర్రం ఈ పక్కకొచ్చిందా, నేను మంచిదాన్ని కాను, చెప్తాండా!"

"రాదమ్మా. రెండు పగ్గాలేసి కట్టేస్తా," అన్నాడు హుస్సేన్ వలి.

తెల్లారింది. గడపను అందరికంటే ముందు ఆవే దాటాలి గదా, బండి ఆత్మకూరు నుంచి మంచి ఆవును తెప్పించారు. మట్టి నేల తప్ప ఎరగని ఆ ఆవు నిగనిగలాడే టైల్సును చూసింది. అందులో ఇంకో ఆవు కనిపించింది. ఒక కాలు పెట్టి, జారి, వెనక్కి తగ్గింది. నలుగురు తోసినా, దండం పెట్టినా కదల్లేదు.

"బిరబిరా కానీండప్పా, ముహూర్తం దాటిపోతాంది. నాకు పాణ్యంలో ఇంకోటుంది," అని అయ్యవారు తొందరపెట్టాడు.

జానకమ్మ రంగంలోకి దిగింది. బెల్లం ముక్కలను గేటు నుంచి వంటింటిదాకా తన చేత్తోనే వరసగా పరిచింది.

"ఈ వాసనకు రాకుండా యాడికి పోతాదో చూస్తా!"

వాసనకు వచ్చింది, ఆవు కాదు. మెడలో రెండు తెగిన పగ్గాలతో చాందినీ జనం మధ్యలోంచి నింపాదిగా, ఒక్కో ముక్కే ఏరుకుంటూ, కుడికాలు ముందు పెట్టి మరీ గడప దాటింది. హాలు దాటి, వంటింట్లో పొయ్యి పక్కకు పోయి, వెనక్కి తిరిగి నిలబడింది. దాని వెనకాలే ఆవు కూడా ధైర్యంగా లోపలికి నడిచింది. దాన్ని పట్టించుకున్న నాథుడే లేడు.

"గుర్రం తొక్కిన ఇంట్లో కాపురమా!" జానకమ్మ గొంతు రోడ్డు మీదికి వినిపించింది. "రేయ్ ఓబులేసూ, సామాన్లు దించొద్దు. ఆటోను ఆళ్లగడ్డకు తిప్పమను."

ఓబులేసు భార్యను చూశాడు, అక్కను చూశాడు, ఆటో వైపు నడిచాడు. గాయత్రి చీపురందుకుని గుర్రం మీదికి పోయింది.

అప్పటికే హుస్సేన్ వలి రొప్పుతూ వచ్చి పగ్గం లాగుతున్నాడు. "ఏం చేసేదమ్మా, ఇది పుట్టిందే ఈడ. నీ వంటింటి కాడనే దీని కొట్టం ఉన్నింది. కూలగొట్టినారని దీనికి చెప్పినోళ్లెవరు?"

గాయత్రి చెయ్యి ఆగిపోయింది. ఓనరు పొమ్మన్నప్పుడల్లా నోరు మూసుకుని తను గిన్నెలు మూట కట్టుకున్న ఇళ్లన్నీ గుర్తొచ్చాయి. ఈ గుర్రం తనకంటే నయం, పొమ్మన్నా పోలేదు. ఏడుపొచ్చింది. వెనకే కోపమొచ్చింది, ఈసారి గుర్రం మీద కాదు.

"లాగొద్దన్నా, ఉండనీ," అంటూ చీపురు పడేసి, గుర్రం పక్కనే పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. "వదినా, బెల్లం పరిచి పిల్చింది నువ్వు. పిలిస్తే వచ్చినదాని తప్పేముంది? నేను ఈ ఇంట్లోనే ఉంటా. మీ తమ్ముడు వస్తానంటే తోలుకపో."

జానకమ్మతో అట్లా మాట్లాడిన మనిషి ఆళ్లగడ్డలో కూడా లేడు. అయ్యవారు "పాలు పొంగినాయి, శుభం!" అని సంచీ సర్దేశాడు, పాలింకా వేడెక్కనే లేదు. ఆటో దగ్గర ఓబులేసు సామాన్ల తాడు విప్పాడు. తర్వాత పరుపు నెత్తికెత్తుకుని, అక్క ముఖం చూడకుండా లోపలికి తెచ్చి పడేశాడు.

పాలు నిజంగా పొంగాక దేవుడికి పెట్టి, రెండో గ్లాసు ఆడబిడ్డకు అందించింది గాయత్రి. జానకమ్మ తీసుకోవాలా వద్దా అని కాసేపు చూసింది. తీసుకుంది. ఒక గుక్క తాగింది.

"చక్కెర చాల్లేదు."

"మళ్లా వచ్చినప్పుడు ఎక్కువేస్తాలే వదినా," అంది గాయత్రి. "ఇంగ నువ్వొచ్చేది ఈడికే గదా."