ఇరవై రోజుల శిక్షణ

మోటారుసైకిల్ చప్పుడు సందు చివర మలుపు తిరిగేదాకా క్రిసాంతో లారీ చక్రం వెనక బోర్లా పడుకునే ఉన్నాడు. తల ఎత్తి చూస్తే, దుకాణం మెట్టు మీద ఎలిసేయో కూర్చుని ఉన్నాడు. తుపాకీ ఒళ్లో ఉంది. యూనిఫాం చొక్కా పొట్ట దగ్గర తడిసి నల్లబడుతోంది.

"ఇది పేల్లేదన్నా" అన్నాడు ఎలిసేయో. తప్పు తనదే అన్నట్టు చెప్పాడు. ఆ తర్వాత గోడకు ఒరిగిపోయాడు.

డ్రైవర్ రొలాండో సీట్లో కూర్చుని రెండు చేతులూ పైకెత్తి అలాగే ఉన్నాడు. దొంగలు డబ్బు సంచి తీసుకుని పోయి నిమిషమైనా అతను చేతులు దించలేదు. గ్వాటెమాలా నగరం పద్దెనిమిదో జోన్‌లో అప్పటికి ఉదయం తొమ్మిదిన్నర. కూల్‌డ్రింకుల పెట్టెలు దించాల్సిన దుకాణాలు ఇంకా ఇరవై రెండున్నాయి. ఇనుప ఊచల వెనక దుకాణం ఆవిడ మొక్కజొన్న రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ పెనం దించడం మరిచిపోయింది. మాడు వాసన వస్తోంది.

అంబులెన్సు వచ్చేసరికి అందులో ఎక్కించాల్సింది శవాన్నే.

ఎలిసేయో పోప్ లారీ గార్డు పనిలో చేరి తొమ్మిది రోజులైంది. కహబోన్ కొండల్లో యాలకుల తోటలకు తెగులు తగిలి కూలి లేక, పెళ్లాన్నీ ఆరు నెలల పిల్లనీ వెంటబెట్టుకుని నగరానికి వచ్చాడు. అతన్ని కంపెనీకి తీసుకెళ్లి చూపించింది క్రిసాంతోయే. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే కెక్చీ భాష. కంపెనీ వాళ్లు ఎలిసేయోకు మోకాళ్లు అరిగిన ప్యాంటు, ఒక సైజు పెద్ద బూట్లు, పాత తుపాకీ, నాలుగు తూటాలు ఇచ్చారు. వాటిలో ఒకటి చెమ్మకు ఉబ్బి ఉంది. దాన్ని మార్చమని అడిగితే స్టోరు గుమస్తా నవ్వాడు. ఆ నాలుగు తూటాలూ పని మానేసిన నాడు లెక్క ప్రకారం తిరిగి ఇవ్వాలి. ఒకటి తగ్గినా జీతంలో కోస్తారు. అందుకే అక్కడ ఎవరూ ఒక్కటి కూడా పేల్చి చూడరు. క్రిసాంతో జన్మలో పేల్చింది రెండుసార్లు, రెండూ పదకొండేళ్ల కింద ఈ పనిలో చేరకముందు, సైన్యంలో.

ఎలిసేయో చేరిన రోజు పొద్దున లారీ బయల్దేరే ముందు, క్రిసాంతో కుర్రాడి చూపుడువేలు పట్టుకుని పక్కకు జరిపాడు. "ఇక్కడ పెట్టకు. ఊరికే పెట్టకు." అతనికి దొరికిన శిక్షణ అంతే.

మధ్యాహ్నం ఒంటిగంటకు కంపెనీ ఆఫీసుకు పిలిచారు. నడవాలో బెంచీ మీద ఎలిసేయో భార్య ఒఫేలియా కూర్చుని ఉంది, వీపున పిల్లను కట్టుకుని. ఆమెకు ఎవరో మంచినీళ్ల సీసా ఇచ్చారు. మూత తియ్యకుండా పట్టుకుని ఉంది. క్రిసాంతో ఆమె ముందు నుంచే లోపలికి వెళ్లాడు. ఆమె కళ్లెత్తితే ఏం చెప్పాలో తెలియక తలుపు వైపే చూస్తూ నడిచాడు.

సూపర్‌వైజర్ బారియాస్ కుర్చీ చూపించాడు. పదకొండేళ్లలో క్రిసాంతో ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు.

"కాఫీ తాగుతావా?"

"వద్దు సార్."

"చాలా బాధగా ఉందయ్యా. మంచి కుర్రాడు." బారియాస్ ఒక కాగితం ముందుకు జరిపాడు. "ఇది జరిగిన సంగతి. చూసుకుని కింద సంతకం పెట్టు. రేపు సెలవు తీసుకో, జీతం కొయ్యనులే."

క్రిసాంతో చదువు నిదానం. వేలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. బారియాస్ ఫోన్ చూసుకుంటూ ఓపిగ్గా ఆగాడు.

"ఇరవై రోజుల శిక్షణ పొందిన..." క్రిసాంతో వేలు ఆగింది. "ఇరవై రోజులా సార్?"

"గార్డుకి అన్ని రోజులు ఇవ్వాలని చట్టంలో ఉంది."

"చేరిందే తొమ్మిది రోజుల కింద కదా."

"కింద చదువు."

కింద ఇంకో వాక్యం. సదరు గార్డు ఎవరి ఆదేశమూ లేకుండా, తన స్థానం వదిలి, స్వంత నిర్లక్ష్యంతో. క్రిసాంతో దాన్ని రెండుసార్లు చదివాడు.

"దీంతో ఆవిడకేమొస్తుంది సార్?"

"ఎవరికి?"

"బయట కూర్చుంది కదా, ఆ పిల్లకి."

బారియాస్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. గొంతు మాత్రం పెంచలేదు. "తప్పు వాడిదైతే ఇన్సూరెన్సు రాదు. శిక్షణ లేనివాణ్ణి లారీ ఎక్కించామంటే కంపెనీ లైసెన్సు పోతుంది. రెండొందల మంది రోడ్డున పడతారు. అందులో నువ్వూ ఉంటావు. నీ కూతురు నర్సింగు చదువుతోంది కదూ? నలభై ఆరేళ్లవాడివి, ఇంకెవడు పని ఇస్తాడు నీకు? ఆలోచించుకో."

క్రిసాంతో ఆలోచించాడు. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. పోయినేడు మూడు నెలలు పనిలేక తిరిగిన పొరుగింటి గార్డు గుర్తొచ్చాడు. చివరికి వాడు బస్సుల్లో చూయింగ్ గమ్ అమ్ముకున్నాడు. క్రిసాంతో పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టే చోట తన పేరులోని మొదటి అక్షరం రాశాడు కూడా.

అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"వాడు స్థానం వదల్లేదు సార్."

"ఏంటి?"

"వాడు లారీ మీదే ఉన్నాడు. ఎండ మండిపోతోంది. దిగి నీడలో నిలబడమని నేనే చెప్పాను." గొంతు తనకు తెలియకుండానే పెద్దదైంది. "పదకొండేళ్లుగా అందరం అలాగే నిలబడతాం. నేను చెప్తే ఎలిసేయో దిగాడు. అది రాయండి. శిక్షణ లేదని కూడా రాయండి. పెడతాను."

బారియాస్‌కు కోపం రాలేదు. అలసిపోయినవాడిలా ఉన్నాడు. కాగితం వెనక్కి లాక్కుని, ఆ ఒక్క అక్షరం పడిన చోటు చూసి, ఉండ చుట్టి బుట్టలో పడేశాడు. సొరుగులోంచి అలాంటిదే ఇంకోటి తీశాడు.

"రొలాండోను రమ్మను" అని తలుపు వైపు కేకేశాడు. తర్వాత క్రిసాంతోతో, "తుపాకీ, తూటాలు, బెల్టూ టోపీ స్టోర్లో ఇచ్చేసి వెళ్లు."

రొలాండో తలుపు పక్కనే ఉన్నాడు. అన్నీ విన్నాడు. లోపలికి వస్తూ క్రిసాంతో భుజానికి భుజం తగలకుండా ఒదిగి నడిచాడు. "నలుగురు పిల్లలన్నా నాకు" అని గొణిగాడు. ఎవరూ అడగలేదు. పెన్ను కాగితం మీద గీరిన చప్పుడు నడవాలోకి వినపడింది.

స్టోరు గుమస్తా నాలుగు తూటాలూ లెక్కపెట్టి, మిగతావి తీసుకుని పుస్తకంలో రాసుకున్నాడు. క్రిసాంతో తిరిగి నడవాలోకి వచ్చాడు. బయటికి పోవడానికి వేరే దారి లేదు.

"అన్నా" అంది ఒఫేలియా, కెక్చీలో. "లోపల గట్టిగా మాట్లాడావు. ఆయన పేరు వినపడింది. స్పానిష్ కదా, నాకు సగమే తెలిసింది. మన మాటల్లో చెప్పు."

క్రిసాంతో ఆమె ముందు నిలబడ్డాడు. లారీ గురించి చెప్పాడు, మోటారుసైకిల్ గురించి చెప్పాడు, పేలని తుపాకీ గురించి చెప్పాడు. ఆ కాగితంలో ఏముందో, దాని మీద ఇప్పుడు ఎవరు సంతకం పెట్టారో చెప్పాడు. ఆమె ప్రతి మాటకూ తలూపింది, మార్కెట్లో ధర వింటున్నట్టు.

"లారీ మీద ఉన్నవాడు మెట్టు దగ్గరికెందుకు పోయాడు?"

"నీడ కోసం."

"ఎవరు పొమ్మన్నారు?"

లోపల ఆఫీసులో చెప్పడం తేలికైంది.

"నేనే" అన్నాడు.

వీపు మీది పిల్ల ఏడుపు అందుకుంటే ఒఫేలియా ముడి విప్పి ముందుకు తిప్పుకుని పాలివ్వడం మొదలుపెట్టింది. బెంచీ మీద ఆమె పక్కన ఇంకో మనిషికి సరిపడా చోటుంది. కూర్చోమని ఆమె అనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు. క్రిసాంతో అలాగే నిలబడి ఉన్నాడు.