కుర్చీ అప్పగింత

ఈలిస్‌ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ నాన్న ఊళ్ళోని కాగితం మిల్లులో ఇంజినీరు. ఆ సంగతి వాడు నడిచే నడకలోనే తెలుస్తుంది. ఆ మిల్లు వేసవి శిక్షణకి మా ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఈ ఏడాది ఒక్కరినే తీసుకుంటామంది. అడిగినవాళ్ళం ఇద్దరం, వాడూ నేనూ. నాకు రాకపోతే ఈ వేసవి కూడా రేవు దగ్గర బడ్డీలో ఐస్‌క్రీములు అమ్ముకోవాలి. ఆ బతుకుతో విసిగిపోయాను.

ఎవరు వెళ్ళాలో తేల్చే పరీక్ష మార్చిలో, ఇంకా మంచు కరగకముందే పెట్టారు. కాలేజీ నేలమాళిగలో మిల్లు బాయిలర్‌కి కంప్యూటర్ నకలు ఉంది. గోడ నిండా తెరలు, వాటి ముందు ఒకే ఒక్క కుర్చీ. మంట లేదు, నీళ్ళు లేవు, అన్నీ అంకెలే. అయినా తప్పు చేస్తే నిజం బాయిలర్ లాగే చస్తుంది. ముందు ఈలిస్, తర్వాత నేను, అలా వంతులవారీగా నడపాలి. తన వంతులో ఆవిరి పడిపోకుండా నిలబెట్టినంతసేపూ ఎవరి మార్కులు వాళ్ళకి పడతాయి.

మిల్లులో షిఫ్టు మారేటప్పటి పద్ధతే ఇక్కడా. దిగేవాళ్ళు బాయిలర్ పరిస్థితి నోటితో చెప్పాలి. ఎక్కేవాళ్ళు విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. అలా చెప్పేదాకా కుర్చీ మారదు, బాధ్యతా మారదు. మా మాస్టరు హర్యు మూల కూర్చుని కాఫీ తాగుతూ చూస్తుంటాడు. మిల్లులో జుట్టు నెరిసేదాకా పనిచేసి వచ్చిన మనిషి. ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆయనకి పంటినొప్పి వచ్చినంత పని.

ఈలిస్ తన వంతు బాగానే నడిపాడు. లేచి నిలబడి ఆవిరి ఒత్తిడి, మంట, ఇంధనం చెప్పాడు. నేను తిరిగి చెప్పాను. ఆ తర్వాత వాడు ఊరుకున్నాడు. మా చలిదేశంలో మనిషి ఊరుకున్నాడంటే చెప్పాల్సింది అయిపోయిందని లెక్క. ఇంకా తవ్వి అడగడం మర్యాద కాదు. నేను కూర్చున్నాను.

కాసేపటికి ఆవిరి పుట్టే డ్రమ్ములో నీటిమట్టం జారడం మొదలైంది. దానంతట అది తెరుచుకోవాల్సిన నీటి వాల్వు కదలదు. అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. వెతగ్గా వెతగ్గా కనబడింది. వాల్వు మాన్యువల్‌లో ఉంది, అంటే చేత్తో తెరిస్తే తప్ప తెరుచుకోదు. ఈలిస్ అలా మార్చేసి, చెప్పకుండా దిగిపోయాడు.

"నిద్రొస్తోందా వెన్లా? నీళ్ళు తగ్గిపోతున్నాయ్," అన్నాడు వెనకనుంచి.

"నోరు మూసుకో."

"పాపం, ఐస్‌క్రీమ్ బడ్డీలో అలారాలుండవు కదా."

మంట తగ్గించి, చేత్తోనే వాల్వు తెరిచి, నీటిమట్టం కుదుటపడ్డాక దాన్ని ఆటోమేటిక్‌కి మార్చాను. బాయిలర్ ఆగిపోలేదు గానీ ఆవిరి బాగా పడిపోయింది. నా మార్కులు వాడి మార్కుల్లో సగానికి దిగాయి. నా వంతు అయిపోయింది. కుర్చీలోంచి లేవకుండానే వాడి వైపు తిరిగాను.

ఒత్తిడి చెప్పాను, మంట చెప్పాను, ఇంధనం చెప్పాను. "నీటి వాల్వు ఇప్పుడు ఆటోమేటిక్‌లో ఉంది. అంతకుముందు ఈలిస్ దాన్ని మాన్యువల్‌లో పెట్టి నాకు చెప్పలేదు. ఆవిరి అందుకే పడిపోయింది. ఇప్పుడు తిరిగి చెప్పు."

ఈలిస్ మొహం ఎర్రబడింది. హర్యు వైపు తిరిగి, "ఇది పరిస్థితి చెప్పడమా? చాడీలు చెప్తోంది," అన్నాడు.

"ఆవిరి ఎందుకు పడిందో చెప్పింది. అదీ పరిస్థితే. కానివ్వు," అన్నాడు హర్యు.

వాడు గబగబా అన్నీ అప్పజెప్పి, వాల్వు ఆటోమేటిక్‌లో ఉందన్న చోట ఆగాడు.

"మిగతాది?" అన్నాను.

"దిగవే! నా టైము పోతోంది."

"పోనీ. చెప్పేదాకా లేవను."

"మర్చిపోయాననుకో."

"అయితే మర్చిపోయాననే చెప్పు. వింటాం."

వాడి వంతు గడియారం నడుస్తూనే ఉంది, మార్కులు కరుగుతూనే ఉన్నాయి. చివరికి కోటు లాక్కున్నాడు. "ఆ కుర్చీ నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు," అని తలుపు ధడాల్న వేసి వెళ్ళిపోయాడు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. లేవబోయాను.

"ఎక్కడికి? ఎవరికి అప్పగించావని?" అన్నాడు హర్యు.

"పరీక్ష అయిపోయిందిగా."

"బాయిలర్‌కి ఆ సంగతి తెలీదు." కప్పు కింద పెట్టి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నాకు చెప్పు."

మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆయన పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు, ఈలిస్ చెప్పలేదన్న దానితో సహా. అయినా కూర్చోలేదు.

"ఇంకా?"

"అంతే."

"ఇంకా?"

ఆయనకి ఏం కావాలో అర్థమైంది. నీళ్ళ గురించి ఒక్క ముక్క వినకుండానే నేను ఈ కుర్చీ ఎక్కాను. ఆ మాట నా నోటితో అనిపించకుండా ఈ ముసలాయన వదలడు. ఆ క్షణంలో ఈలిస్ కన్నా ఈయన మీదే ఎక్కువ మండింది.

"నీళ్ళ సంగతి నేను అడగలేదు," అన్నాను.

"నీళ్ళ సంగతి వెన్లా అడగలేదు," అని తిరిగి చెప్పి, "ఇప్పుడు లే," అన్నాడు.

ఆయన కూర్చుని బాయిలర్‌ని మెల్లగా ఆర్పడం మొదలుపెట్టాడు. నేను వెనక నిలబడి ఉండబట్టలేక అడిగాను. "మరి శిక్షణకి?"

"జూన్‌లో నువ్వే వెళ్ళు. గెలిచానని మాత్రం అనుకోకు. వాడు పారిపోయాడు, అంతే." తెర మీదనుంచి చూపు తిప్పలేదు. "మిల్లులో ఎవరూ పారిపోరు. అడక్కుండా ఏదీ చెప్పరు కూడా."