సంచులన్నీ ఎక్కాయి

పొద్దున్నే పడవ ఎక్కేటప్పుడే మావాడు ఆంక్ష పెట్టేశాడు. "అమ్మా, ఇవాళ ఎన్ని దీవులు తిరిగినా నువ్వు మాత్రం నీళ్ళలోకి దిగొద్దు. కాలు జారిందంటే నేను చచ్చినట్టే."

కాలు జారేది నాకు, చచ్చేది వాడు! చోద్యం కాకపోతే! వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ ఆయనదీ ఇదే పాట. ఒక్కసారి మెడలోతు నీళ్ళలో నిలబడాలని చిన్నప్పటినుంచీ నా ఆశ. అదేమైనా గొంతెమ్మ కోరికా?

మొదటి దీవిలో మావాడూ, కోడలూ, నా కూతురూ కేరింతలు కొడుతూ నీళ్ళలోకి దూకారు. నేను ఇసుకలో సంచుల దగ్గర కూర్చున్నాను. రెండో దీవిలోనూ అంతే. "అత్తయ్యా, ఈ ఫోను కాస్త చూడండి." "అమ్మా, నా చెప్పులు జాగ్రత్త." మా ఇంట్లో ప్రయాణమంటే మనుషుల్ని లెక్కపెట్టరు, సంచుల్ని లెక్కపెడతారు. సంచులుంటే నేనూ ఉన్నట్టే అని వాళ్ళ ధీమా.

మూడో దీవిలో ఒడ్డు పక్కనే ఉప్పునీటి మడుగు ఉంది. చుట్టూ రాళ్ళు అడ్డం ఉండటంతో అల అన్నదే లేదు, అడుగున ఇసుక తేటగా కనబడుతోంది. నాకు మనసాగలేదు.

"ఇక్కడైనా దిగనారా?" అన్నాను.

"అబ్బా, మళ్ళీ మొదలెట్టావా?"

ఒళ్ళు మండిపోయింది. సంచులన్నీ పడవ పక్కన పడేసి, విసవిసా చెట్లలోకి నడిచాను. కాసేపటికి పడవ నడిపే సరంగు కేక వినబడింది.

"అందరూ ఎక్కారా?"

మావాడు సంచులు లెక్కపెడుతున్నాడు. "ఆ, అన్నీ ఎక్కాయి. పోనియ్!"

అరిస్తే వినబడేంత దూరమే. నోరు తెరిచాను. మళ్ళీ మూసేసుకున్నాను. ఇంజను చప్పుడు మెల్లగా దూరమైపోయింది.

అబద్ధమెందుకు, ముందు భోరున ఏడ్చాను. తర్వాత చాలాసేపు ఒడ్డునే కూర్చుని, కళ్ళు తుడుచుకుని, చెప్పులు విడిచి మడుగులోకి దిగాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. నడుందాకా వచ్చేసరికి ఒళ్ళు తేలికై, ఒక్కదాన్నే పకపకా నవ్వేశాను. చూసినవాళ్ళు పిచ్చిదనుకుంటే అనుకోనీ!

నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి. అప్పుడు తిరిగొచ్చింది పడవ. మావాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. పడవ ఆగీ ఆగకముందే దూకి మడుగు ఒడ్డుకు పరిగెత్తుకొచ్చాడు.

"నీకేమైనా బుద్ధుందా అమ్మా? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాం! రా బయటికి!"

"రాను. నేను లేనని మీకెప్పుడు తెలిసిందో ముందు అది చెప్పు."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"చెప్పరా!"

వాడు పెళ్ళాంవైపు చూశాడు. కూతురు అటు తిరిగిపోయింది. చివరికి కోడలే చెప్పింది.

"అవతలి దీవిలో దిగి చాలాసేపు ఆడుకున్నాం అత్తయ్యా. ఆకలేసి అన్నం డబ్బాలు తీశాం. వడ్డిస్తారని చూస్తే... మీరు లేరు."

కోపం రాలేదు, గుండె కలుక్కుమంది. వెనక్కి తిరిగి ఇంకో అడుగు లోపలికి వేశాను.

"అమ్మా!" అంటూ మావాడు నీళ్ళలోకి రాబోయాడు.

"ఆగక్కడ! నాతోపాటు నిలబడ్డానికైతే రా. లాక్కుపోవడానికైతే రావద్దు."

వాడు మోకాలిలోతులో ఆగిపోయాడు. నేను నడుస్తూనే ఉన్నాను. నీళ్ళు మెడదాకా వచ్చాక వాళ్ళవైపు తిరిగాను.

"ఆకలేస్తే మీరే వడ్డించుకుని తినండి. నేనిప్పుడే దిగాను."