కుండకు వినపడిన కోపం

ఆ ఏడు ఎలోదియా పెరట్లో పీచ్ చెట్టు విరగకాసింది. ఆగస్టు వానలకు పండ్లు టపటపా రాలుతుంటే కోళ్లకు కూడా మొహం మొత్తిపోయింది. సరిగ్గా అదే వారం చేలో మొక్కజొన్న పాలు పట్టింది. పండూ ఆగదు, పాలకంకీ ఆగదు. నాలుగు రోజులు చూద్దాంలే అని కూర్చుంటే గింజ ముదిరి రొట్టెల పిండికే పనికొస్తుంది తప్ప, లేత గింజ రుబ్బి పొరల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే ఊచెపోలకు పనికిరాదు. అందుకని రెండు పనులూ ఒకే ఆదివారం పెట్టుకున్నారు. పండ్లు పాకంలో వేసి సీసాల్లోకి, కంకులు రుబ్బి కుండలోకి.

ఎలోదియా అరవై దాటిన మనిషి. సరస్సులో పడవ బోల్తాపడి భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన ఏడే పెరట్లో ఒక పీచ్ టెంక పాతింది. ఇల్లు తమ్ముడు మెల్కియాదెస్‌ది, చేనూ వాడిదే, చివరికి కుక్క కూడా వాడి మాటే వింటుంది. చెట్టొక్కటే ఆమెది. ఆ చెట్టుకు ఇదే చివరి కాపు. దాన్ని కొట్టడానికి సోమవారం మేస్త్రీ వస్తున్నాడు.

కారణం చిన్నదేం కాదు. మెల్కియాదెస్ కూతురు నికాంద్రకు నెలలు నిండాయి. కాన్పయ్యాక కూడా మొగుడితో ఇక్కడే ఉండిపోతుంది. ఉన్నవేమో రెండు గదులు. మూడోది వెయ్యాలంటే ఇంటి గోడకు ఆనించి వెయ్యాలి. ఇంటికి అటుపక్క చెట్టు, ఇటుపక్క వంటిల్లు. ఓ రోజు భోజనాల దగ్గర, అందరి ముందూ, "చెట్టు తీసేస్తే నీకేం బాధ లేదుగా అక్కా?" అని మెల్కియాదెస్ అడిగాడు. నికాంద్ర కడుపు మీద చెయ్యేసుకుని అత్త వంకే చూస్తోంది. ఆ చూపు ముందు ఎవరు మాత్రం కాదనగలరు? "నాకేం బాధరా, కొట్టేసెయ్" అంది ఎలోదియా. అని నవ్వింది కూడా. మింగలేక కక్కలేక ఉన్నప్పుడు అలా నవ్వడం మా వైపు ఆడవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. పండ్లు వేడినీళ్లలో ముంచి తీస్తే తోలు వేలితోనే ఊడివచ్చింది. ఎలోదియా వాటిని రెండు చెక్కలు చేసి, టెంకలు తీసి, దాల్చినచెక్క వేసిన పాకంలోకి జారవిడిచింది. దెబ్బతగిలిన పండును కూడా పారెయ్యనివ్వలేదు. మరదలు తోమసా విసుక్కుంటూ పుచ్చు మేరకు కోసి జామ్ గిన్నెలో వేసింది. నిండిన సీసాలకు మూతలు బిగించి గుడ్డ మీద తలకిందులుగా బోర్లించారు. అవి అలా వరసగా నిలబడుతున్న కొద్దీ ఎలోదియా నోటి మాటలు తగ్గిపోయాయి.

తర్వాత కంకుల వంతు. నికాంద్ర కూర్చున్న చోటే గింజలు కోసింది. తోమసా సన్నికల్లు మీద మెత్తగా నూరింది. వెన్న, చక్కెర, ఉప్పు కలిపి, కంకుల పచ్చి పొరల్లో చుట్టి, కుండ అడుగున ఉత్త కంకులు పరిచి, వాటి మీద నిలబెట్టి ఆవిరికి పెట్టారు. ఉడకాల్సినంత సేపూ అయ్యాక తోమసా ఒకటి విప్పింది. పిండి జారి చేతి మీద పడింది. మళ్లీ మూత పెట్టి కట్టెలు ఎగదోశారు. ఇంకొంతసేపటికి ఇంకోటి విప్పింది. మళ్లీ అంతే, నీళ్లు నీళ్లుగా ఉంది.

"ఇది మంట తక్కువై కాదు వదినా," అంది తోమసా నడుం మీద చేతులేసుకుని. "ఇంట్లో ఎవరో కోపంగా ఉన్నారు. కుండకు తెలిసిపోయింది."

"నేనైతే కాదు," అంది ఎలోదియా చటుక్కున.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ జవాబు. తోమసా విననట్టే పచ్చి పొరను పేలికలుగా చీల్చి కుండ రెండు చెవులకూ కట్టింది, ఇంట్లో మాటలు దానికి వినపడకుండా. ఆనక మొగుడి మీదికి తిరిగింది.

"ఏమయ్యా, కోపం నీకేనా?"

"నాకెందుకే కోపం? సరే, ఉందనుకో. నా గడ్డి టోపీలో కోడిని పొదగేసింది ఎవరు?"

"నేనే. నీ బుర్ర కంటే దాని గుడ్లకే నయం ఆ టోపీ. కక్కావుగా, ఇక ఆడు!"

కోపం ఉన్నవాళ్లు ఒప్పుకుని కుండ ముందు ఆడితే గానీ ఊచెపో ఉడకదు. మెల్కియాదెస్ పండగల్లో ముసలివాళ్ల వేషం కట్టి ఆడేవాళ్లలా నడుం వంచి, ఊతకర్ర పట్టినట్టు గరిటె పట్టి, పొయ్యి ముందు తకతకమని అడుగులేశాడు.

"నాన్నా, ఆపు! ఇక్కడే కనేస్తాను!" అంది నికాంద్ర నవ్వలేక.

"నాకూ ఉంది," అంది తోమసా. "కాపురానికి వచ్చిన నాటి నుంచీ నా చారులో ఉప్పెక్కువని అక్కాతమ్ముళ్లిద్దరూ మూతులు ముడుస్తున్నారు. ఇదిగో, నేనూ ఆడుతున్నా." నికాంద్రకేమో మొగుడి గురక మీద కోపమట. లేవలేక చెంచాతో పళ్లెం వాయించింది. మూత తీశారు. పిండి జారుతూనే ఉంది.

"ముగ్గురం కక్కేశాం," అంది తోమసా. "మిగిలింది నువ్వే వదినా."

"నాకేం లేదని చెప్పానా!"

గట్టిగా అందామనుకున్న మాట సగంలోనే వణికింది. ఎలోదియా చేతిలో పండు చెక్క చితికిపోయింది. సరే ఆడితే పోలా అని కుండ ముందుకు వచ్చి రెండడుగులేసింది. మూడోది పడలేదు. అలాగే నిలబడిపోయింది.

"ఉందిరా మెల్కీ, నాకూ కోపముంది. నా చెట్టు కొట్టడం నాకు ఇష్టం లేదు."

మెల్కియాదెస్ నోరు తెరిచాడు. "మరి ఆ రోజు నవ్వావుగా?"

"అంత మందిలో అడిగితే నవ్వక ఏడవమంటావా? ఒక్కసారి నన్ను ఒంటరిగా పిలిచి అడిగావా? నోట్లో ముద్ద ఉండగా అడిగావు. ఈ ఇంట్లో నాదంటూ ఇంకేముందిరా?"

నికాంద్ర కళ్లు తుడుచుకుంది. "నాకు గది వద్దులే అత్తా."

"నువ్వు నోర్ముయ్యవే. పసిగుడ్డును పట్టుకుని వరండాలో పడుకుంటావా?"

"మరెక్కడ కట్టమంటావక్కా?" అన్నాడు మెల్కియాదెస్ మెల్లగా. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "అటు చెట్టు, ఇటు వంటిల్లు. నాకు ఇంకో దారి కనపడ్డం లేదు."

ఎలోదియా చుట్టూ చూసింది. పొగకు నల్లబడిన దూలాలు, గోడకు వేలాడే గరిటెలు, తండ్రి తన చేత్తో కట్టిన పొయ్యి. ఈ గడప లోపల ఆమెను అడగకుండా ఎవరూ ఉప్పు కూడా వెయ్యరు. పెద్దరికమంతా ఇక్కడే. పొయ్యి గట్టు మీది బూడిదను చేత్తో తుడిచింది.

"వంటిల్లు పడగొట్టు."

"అయ్యో వదినా! మరి వంటెక్కడ?"

"చెట్టు కింద. పొయ్యి ఎక్కడ వేసుకుంటే అదే వంటిల్లు. చెట్టును అలా పెకలించి ఇంకోచోట పెట్టగలమా?"

"వాన వస్తేనో?"

"వస్తే నీ మొగుణ్ణి గొడుగు పట్టుకోమను."

మెల్కియాదెస్ నవ్వలేదు. లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. తోమసా ఏం చెయ్యాలో తోచక కుండ మూత ఎత్తి ఒక ఊచెపో విప్పింది. పొర శుభ్రంగా ఊడివచ్చింది. "ఉడికాయి! మరియమ్మ తల్లీ, ఉడికాయి!" అని అరిచింది. ఈలోగా కట్టెలు కూడా బాగా రాజుకున్నాయనుకోండి, ఆ మాట ఈ ఊళ్లో పైకంటే మాత్రం మర్యాద దక్కదు.

బయటి నుంచి మెల్కియాదెస్ కేక వినిపించింది.

"అక్కా, ఒకసారి ఇటు రా. నువ్వొక్కదానివే రా."

ఎలోదియా చేతులు తుడుచుకుని వెళ్లింది. చినుకులు పడుతున్నాయి. వాడు చెట్టు కింద టోపీ లేకుండా నిలబడి ఉన్నాడు.

"ఇక్కడ ఎవరూ లేరు," అన్నాడు. "నిజం చెప్పు. వంటిల్లు పోతే నీకు బాధ లేదూ?"

ఎలోదియా ఈసారి నవ్వలేదు.

"చాలా బాధరా," అంది. "అయినా కొట్టేసెయ్."