మాట పూర్తయ్యేదాకా

బరంపురం బడాబజారులో వెంకటరమణమూర్తి కిరాణా కొట్టుకు వచ్చినవాళ్లకు నోరు నొప్పి పుట్టే ప్రమాదం ఉండేది కాదు. "అర కిలో..." అనేసరికే "కందిపప్పేనా? ఇదుగో" అని పొట్లం చేతిలో పెట్టేవాడు. మొహం చూసి సరుకు చెప్పేయగలనని ఆయనకు కొండంత గర్వం. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ గర్వం నిజమే. పదోసారి వచ్చినవాళ్లు మొహమాటానికి కందిపప్పే పట్టుకుపోయేవారు.

అలాంటి తొందర మనిషికి జూన్‌లో మనవరాలు వసుధ ఒక కబురు మోసుకొచ్చింది. నాలుగో తరగతిలో రింకి అని కొత్త పిల్ల చేరిందట. పుట్టినప్పటినుంచీ కాళ్లూ చేతులూ సరిగా స్వాధీనంలో ఉండవట. మాట కూడా ఒక్కొక్కటే, చాలా నెమ్మదిగా వస్తుందట. ఆ పిల్ల జవాబు పూర్తయ్యేదాకా ఎవరూ మధ్యలో అందుకోకూడదని టీచరు దిది రూలు పెట్టిందట.

"ఒక్క పిల్ల కోసం నలబైమంది ఆగడమేటి? ఇలాగైతే సదువులు సాగినట్టే!" అని మూర్తి ఇంతెత్తున లేచాడు. ఆ పిల్లను వేరే బడికి పంపాలని స్వయంగా ఉత్తరం రాశాడు. కొట్టుకు వచ్చిన తల్లిదండ్రుల్లో ఇరవైమూడు మంది చేత, సరుకు కట్టేలోపు సంతకాలు పెట్టించాడు. పూజా సెలవుల తర్వాత మీటింగు పెట్టి తేలుస్తానని హెడ్మిస్ట్రెస్ ఉత్తరం తీసుకుంది. రింకి తల్లి కాసులు గంజాం నుంచి వచ్చి గోసాని నువాగాంలో అద్దెకుంటోందనీ, ఎండుచేపలు అమ్ముకుంటుందనీ తెలిశాక, మూర్తి పని అయిపోయినట్టే అనుకున్నాడు. అలాంటివాళ్లు ఎదురు మాట్లాడరని ఆయన లెక్క.

ఆగస్టులో ఆయన భార్య పద్మావతికి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి పడిపోయింది, మాట తడబడింది. తెలివి మాత్రం నిక్షేపంలా ఉంది. "మాట్లాడిస్తూ ఉండండి. వదిలేస్తే ఉన్న మాట కూడా పోతుంది" అన్నాడు డాక్టరు.

మూర్తి కొట్టు కొడుకు పూర్ణచంద్రకు అప్పగించి, భార్య మంచం పక్కనే కూర్చున్నాడు. ప్రేమకేం లోటు లేదు. కానీ ఆవిడ "నాకు..." అనగానే "మంచినీళ్లా? ఇదుగో" అనేవాడు. "కిటికీ..." అనగానే లేచి మూసేసేవాడు. తెరవమని చెప్పబోయిన పద్మావతికి కళ్లలో నీళ్లు తిరిగేవి. సెప్టెంబరు దాటేసరికి ఆవిడ మాట్లాడటమే మానేసింది. రెండు ముద్దలకు మించి తినేదీ కాదు. "పద్దూ, ఏటి కావాలో సెప్పవే" అని మూర్తి రోజంతా బతిమాలేవాడు, ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. నలభై రెండేళ్ల కాపురంలో మొదటిసారి ఆయనకు ఇంట్లో భయం వేసింది.

దసరా ముందు ఒక సాయంత్రం వసుధ బడి నుంచి వస్తూనే మామ్మ మంచం ఎక్కి, ఎడమచెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మామ్మా, నీకెంతసేపు పట్టినా పర్లేదు. నేనెక్కడికీ ఎల్లను."

చాలాసేపటికి పద్మావతి పెదవులు కదిలాయి. "మీ..."

"'మీ నాన్న' అనా?" అని పక్కనుంచి మూర్తి అందుకున్నాడు. " కొట్లో ఉన్నాడు, ఇప్పుడే పిలు..."

వసుధ ఠక్కున తాత నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండు తాతా! మామ్మ మాట మామ్మది. నువ్వు లాక్కోకు."

మూర్తికి ఒక్కో క్షణం ఒక్కో ఏడాదిలా గడిచింది. మూడుసార్లు నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"మీ... తాతని..." పద్మావతి ఊపిరి తీసుకుంది. "కాసేపు... నోరు... మూసుకోమను."

వసుధ పకపకా నవ్వింది. పెదవి ఒక పక్కకే సాగినా పద్మావతీ నవ్వింది. మూర్తి నవ్వబోయి భోరున ఏడ్చేశాడు. పెళ్లాం తిట్టినందుకు అంత సంబరపడ్డ మొగుడు బరంపురం మొత్తంలో ఇంకొకడు ఉండడు. ఆ రాత్రి ఆవిడ కడుపునిండా తింది.

"ఇదంతా నీకెవరు నేర్పారమ్మా?" అని అడిగాడు మనవరాలిని.

"రింకి. మామ్మ సంగతి దానికి సెప్పాను. మజ్జిలో ఎవరైనా అందుకుంటే ఇంక మాటాడాలనిపించదంట. మా క్లాసులో ఇప్పుడెవరం అందుకోం తాతా. నత్తి అని సిగ్గుపడే లక్ష్ముడు కూడా సెయ్యెత్తుతున్నాడు."

మూర్తి మర్నాడే బడికి వెళ్లి ఉత్తరం వెనక్కి ఇమ్మన్నాడు. "ఇరవైమూడు సంతకాలున్నాయి కదా?" అంది హెడ్మిస్ట్రెస్. "పెట్టించినవాడిని నేనే. తీయించేదీ నేనే" అన్నాడు. సంతకం పెట్టిన ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, సిగ్గు విడిచి జరిగిందంతా చెప్పాడు. పంతొమ్మిది మంది ఒప్పుకున్నారు. నలుగురు మాత్రం ససేమిరా అన్నారు. నలుగురి కోసం పిల్లను పంపేది లేదని హెడ్మిస్ట్రెస్ తేల్చేసింది.

అప్పుడు కాసులు ఇంటికి వెళ్లాడు. వాకిట్లో చక్రాల కుర్చీలో రింకి కూర్చుని ఉంది. పక్కన తల్లి ఎండుచేపలు ఏరుతోంది.

"నేను వసుధ తాతని" అన్నాడు మూర్తి. ఆ తర్వాత మాటలకోసం తడుముకున్నాడు. ఆయన అవస్థ చూడలేక కాసులు ఏదో అనబోయింది. రింకి వంకర తిరిగిన చెయ్యి కష్టంమీద పైకెత్తి తల్లిని ఆపింది.

"నిన్ను బడి నుంచి పంపేయమని ఉత్తరం రాసింది నేనేనమ్మా" అన్నాడు చివరికి. "నీ వల్లే ఇవాళ మా ఇంట్లో మాట వినిపిస్తోంది. మా పద్మావతి నాకు మళ్లీ దక్కింది. నన్ను క్షమించు తల్లీ."

కాసులు చేతులు తుడుచుకుంది. "మీరే రాసారని వసుధ ఎప్పుడో సెప్పేసింది బాబూ, ఏడ్సుకుంటా."

మూర్తి నిర్ఘాంతపోయాడు. "తెలిసీ మా ఇంటికి సాయం సేసిందా?"

"నేనూ అదే అన్నాను. ఆళ్లకి నువ్వెందుకు సెప్పాలే అని." కాసులు కూతురివైపు తిరిగింది. "నాకేటన్నావో బాబుకి సెప్పు."

మూర్తి కుర్చీ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"ఉత్తరం..." అంది రింకి. "తాత కదా... రాసింది..." ఇంకోసారి ఊపిరి పీల్చుకుంది. "మామ్మ... కాదు కదా."