కాగితం మీద యాభై రెండు

దయానందానికి యాభై అయిదు నిండి మూడు వారాలైంది. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఏడాదికొక డాలరు చొప్పున యాభై అయిదు డాలర్లు పుట్టినరోజు కానుక వేసి, పాస్టరుగారి చేత ప్రార్థన కూడా చేయించుకున్నాడు. ఇప్పుడేమో రిటైర్మెంటు కోసమని ఇన్నేళ్ళూ అతని జీతంలోంచి కోసి దాచిన సూపర్ ఫండ్ నుంచి ఉత్తరం వచ్చింది. మీకు యాభై రెండే, యాభై అయిదు నిండాక అడగండి, అని.

అమృతం ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, వంటింటి బల్ల మీద భర్త ముందు పడేసింది.

"దేవుడికి యాభై అయిదూ, ఫండ్‌వాళ్ళకి యాభై రెండూనా అండీ?"

"సర్టిఫికెట్‌లో అలాగే ఉంది కదా."

ఉంది. భీమవరంలో బడిలో వేసేటప్పుడు అతని తండ్రే మూడేళ్ళు తగ్గించి రాయించారు. గవర్నమెంటు ఉద్యోగం వస్తే కొడుకు మూడేళ్ళు ఎక్కువ చేసుకుంటాడని ఆయన ఆశ. కొడుకు ఆ ఉద్యోగం నాలుగేళ్ళు వెలగబెట్టి సిడ్నీ వచ్చేశాడు. అప్పట్నుంచీ ఫ్యాక్టరీలో సిమెంటు నేల మీద నిలబడే పని. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక మానేయమని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. ఫండ్ డబ్బు వస్తే మిగిలిన ఇంటి అప్పు తీరుతుంది, నర్సింగ్ హోములో తన జీతంతో ఇల్లు గడుస్తుంది అని అమృతం ధైర్యం.

ఆమె సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. "ఫారం నింపేటప్పుడే నాకు అనుమానం వచ్చి ఊళ్ళో ఉన్న మా తమ్ముడికి రాశాను. మీ బాప్తిస్మం రిజిస్టరు నకలు. పంతొమ్మిదివందల ముప్ఫై ఏడులో పుట్టారని పాదిరిగారు రాసి ఉంచారు. ఇది పంపుదాం."

"వద్దు. సిటిజెన్‌షిప్ తీసుకున్నప్పుడు అన్నీ నిజాలేనని సంతకం పెట్టాను."

"అబద్ధం మీరాడారా ఏంటి? మావయ్యగారు రాయించింది."

"మొదటిసారి నాన్నగారిది. తర్వాతవన్నీ నావే."

అమృతానికి ఒళ్ళు మండింది. "అయితే ఇంకో మూడేళ్ళు నిలబడండి. పొద్దున్నే బూట్లు తొడగడానికి నేనున్నానుగా."

యూనివర్సిటీకి బయల్దేరుతున్న కూతురు కరోలిన్ గుమ్మంలో ఆగింది. "డాడ్, జస్ట్ సెండ్ ఇట్. నోబడీ కేర్స్."

"వాళ్ళ సంగతి కాదమ్మా. మీ తాతగారు దొంగ తేదీ వేయించారని నా చేత్తో నేను రాయాలా?"

కరోలిన్ తల్లి వంక చూసి, భుజాలెగరేసి వెళ్ళిపోయింది.

"ఇదా అసలు సంగతి," అంది అమృతం. "సంతకాలనీ అవనీ ఇవనీ ఇందాకట్నుంచీ నన్ను తిప్పుతున్నది దీనికా? మీరు రాయకండి. నేను రాస్తాను, సంతకం పెట్టండి. ఆ మూడేళ్ళూ మీకొక్కరికే పోవు, నాకూ పోతాయి."

దయానందం ఆ నకలును తన ముందుకు లాక్కున్నాడు.

"ఇమిగ్రేషన్‌కి కూడా ఒకటి రాయి. ఒకచోట చెప్పి ఇంకోచోట దాచడం నా వల్ల కాదు."

"ఫండ్ అడగబోతే పాస్‌పోర్టు పోయేలా ఉంది. సరే, అదీ రాస్తాను. ముందు దీనికేం రాయమంటారు?"

"మా నాన్నగారు మంచి మాస్టరని రాయి."

"ఫండ్‌వాళ్ళకి అదెందుకండీ?"

"రాయి, అమృతం."

పళ్ళు కొరుక్కుంటూ ఇంగ్లీషులో ఆ ముక్క రాసింది. తలెత్తకుండానే అడిగింది.

"ఏం చెప్పేవారని రాయను?"

"లెక్కలు."